డెస్క్‌టాప్ వేడెక్కుతోందా? విప్పే ముందు ఇరవై నిమిషాలు అంకెలు చూడండి

సిస్టమ్ వేడెక్కి నెమ్మదిస్తోందనో, దానంతటదే ఆగిపోతోందనో అనగానే వినిపించే సలహా ఒకటే: థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే, వేడిని దాటించే పేస్ట్) మార్చు. దాంతో తగ్గకపోతే ఇంకో ఫ్యాన్ పెట్టు. ఒక్కోసారి తగ్గుతుంది కూడా. కానీ వేడి ఎంత ఉందన్నదానికంటే ఎంత వేగంగా ఎక్కుతోంది, ఎంత వేగంగా దిగుతోంది అన్నదే లోపం ఎక్కడుందో ఎక్కువగా పట్టిస్తుంది. అది తెలియకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవడం అనవసరం.

అంకెలు చూడడానికి విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ చాలు. లినక్స్‌లో ఉష్ణోగ్రతకూ ఫ్యాన్ వేగానికీ సెన్సర్స్ కమాండ్ ఉంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో సెన్సర్ల విండో మాత్రమే తెరిచి నాలుగు వరుసలు చూడండి: ప్రాసెసర్ ఉష్ణోగ్రత, అది తీసుకుంటున్న వాట్లు, క్లాక్ స్పీడు (అది పనిచేసే వేగం), సీపీయూ ఫ్యాన్ ఆర్‌పీఎం (ప్రాసెసర్ మీది ఫ్యాన్ నిమిషానికి తిరిగే చుట్లు). సిస్టమ్‌ను ముందు పది నిమిషాలు ఖాళీగా వదిలేయండి. తర్వాత సినీబెంచ్ అనే పరీక్ష ప్రోగ్రామ్‌ను మల్టీకోర్‌లో (అన్ని కోర్లకూ పని పడేలా) పది నిమిషాలు నడపండి. గది ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. గది 10 డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది కాబట్టి, ఈ రోజు అంకెను వేరే రోజు అంకెతో నేరుగా పోల్చకూడదు.

అన్ని ప్రాసెసర్లకూ ఒకే హద్దు ఉండదు. ఇంటెల్ 12, 13, 14వ తరం కోర్ ఐ9 కె ప్రాసెసర్లకు గరిష్ఠం 100 డిగ్రీలు. ఏఎండీ రైజెన్ 7950ఎక్స్‌కు 95, రైజెన్ 7800ఎక్స్3డీకి 89. 7950ఎక్స్ లాంటివి పూర్తి లోడ్‌లో 95 దాకా వెళ్లి అక్కడే నిలబడేలా తయారుచేసినవి, కాబట్టి సినీబెంచ్‌లో 95 కనబడితే కంగారు పడక్కర్లేదు. అదే బ్రౌజర్ ఒక్కటి తెరిచి ఉన్నప్పుడు 85 ఉంటే మాత్రం కచ్చితంగా ఏదో తేడా ఉంది.

ఇప్పుడు అసలు విషయం. లోడ్ పెట్టిన రెండు మూడు సెకన్లలోనే 40 నుంచి 95కి ఎగబాకి, ఆపగానే అంతే వేగంగా పడిపోతే, ప్రాసెసర్ వేడి హీట్‌సింక్‌కు (కూలర్‌లోని లోహపు రేకుల దిమ్మెకు) సరిగా చేరడం లేదన్నమాట. ఆ సమయంలో హీట్‌సింక్ రేకుల అంచు తాకి చూడండి. లోపల 95 చూపిస్తున్నా రేకులు చల్లగానే ఉంటే అనుమానమే అక్కర్లేదు. అయితే వాట్లు కూడా చూడాలి. 60 వాట్లకే ఇలా ఎగిరితే అది అతుకులో, అంటే ప్రాసెసర్, కూలర్ ఒకదానికొకటి ఆనే చోట, లోపం. 250 వాట్లు లాగే కోర్ ఐ9 ఎగిరితే అది దాని సహజ స్వభావం. అలా కాకుండా పది నిమిషాల పాటు మెల్లమెల్లగా ఎక్కుతూ, ఎక్కడా నిలకడ లేకుండా పోయి, లోడ్ ఆపాక కూడా దిగడానికి చాలాసేపు తీసుకుంటే, లోపం గాలి ప్రవాహంలో ఉంది. దీన్ని రుజువు చేసుకోవడానికి కేబినెట్ పక్క తలుపు తీసి అదే పరీక్ష మళ్లీ చేయండి. ఐదు డిగ్రీలకు మించి తగ్గితే కేబినెట్‌కు ఊపిరాడడం లేదని అర్థం. ఒకటి రెండు డిగ్రీలే తగ్గితే కొత్త ఫ్యాన్లు కొన్నా ఉపయోగం ఉండదు.

అతుకు సరిగా లేకపోతే ముందు చూడాల్సింది పేస్ట్ కాదు, బిగింపు. ప్రాసెసర్‌తో పాటు వచ్చే ఇంటెల్ కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ కాళ్లుంటాయి. వాటిలో ఒక్కటి పూర్తిగా దిగకపోయినా కూలర్ ఒకవైపు లేచి ఉంటుంది. ఆ కాళ్ల మీద ఉండే బాణం గుర్తు విప్పే దిశను చూపిస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడి, బాణం వైపు తిప్పి బిగించామనుకుంటారు. ముందు కాళ్లన్నీ బాణానికి ఎదురు దిశలో ఉంచి, ఎదురెదురు మూలలను జతగా, టిక్కుమనేదాకా నొక్కాలి. పాత కూలర్‌ను కొత్త బోర్డుకు పెట్టినా ఇదే ఇబ్బంది వస్తుంది. ఇంటెల్ ఎల్‌జీఏ 1200 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) చుట్టూ కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, ఎల్‌జీఏ 1700లో 78, కాబట్టి ఒకదాని కూలర్ రెండోదానికి సరిగా కూర్చోదు. కొత్త సిస్టమ్ మొదటి రోజు నుంచే మండిపోతుంటే కూలర్ అడుగున రక్షణగా అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూడండి. ఇది ఎంత తరచుగా జరుగుతుందో చెబితే నమ్మరు.

కూలర్ తీయాల్సి వస్తే ఏఎం4 సాకెట్ రైజెన్‌తో జాగ్రత్త. దాని పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. గట్టిపడ్డ పేస్ట్ వల్ల కూలర్‌ను నేరుగా పైకి లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. ముందు సిస్టమ్‌ను పది నిమిషాలు లోడ్‌లో నడిపి, ఆపి, ప్లగ్ తీసేసి, పేస్ట్ మెత్తగా ఉండగానే కూలర్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా మెలితిప్పుతూ విడదీయాలి. పాత పేస్ట్‌ను 90 శాతానికి పైబడ్డ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పోగులు రాలని గుడ్డతో తుడిచేయండి. కొత్తది మధ్యలో శనగగింజంత చాలు. స్క్రూలు ఒక్కోటి పూర్తిగా బిగించేయకుండా, ఎదురెదురు మూలల్లో రెండేసి చుట్ల చొప్పున బిగిస్తూ రావాలి.

గాలి విషయంలో దుమ్ము పైకి కనబడేది కొంతే. అసలుది ఫ్యాన్‌కూ హీట్‌సింక్ రేకులకూ మధ్య దుప్పటిలా పేరుకుంటుంది. ఫ్యాన్ విప్పితే గానీ అది కనిపించదు. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి, గాలి మామూలుగా వెళ్లే దిశకు ఎదురుగా ఊదండి. ఫ్యాన్ల దిశ కూడా చూడండి: మోటారును పట్టి ఉంచే అడ్డకమ్మీలున్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. ముందువైపు నుంచి లోపలికి, వెనక నుంచీ పైనుంచీ బయటికి రావాలి. దుమ్ము దులిపాక వెనక ఫ్యాన్‌ను తిరగేసి బిగించి, వేడి పెరిగిందని వాపోయేవాళ్లు తక్కువేం కాదు.

ఇంకొకటి. కూలర్ ఫ్యాన్ వైరును మదర్‌బోర్డ్ మీద సీపీయూ ఫ్యాన్ అని రాసిన చోటే గుచ్చాలి. కేబినెట్ ఫ్యాన్ పిన్నులకు గుచ్చితే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, కానీ చాలా బోర్డుల్లో దాని వేగం బోర్డు ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. ప్రాసెసర్ 95కి చేరినా ఫ్యాన్ మాత్రం నింపాదిగా తిరుగుతుంటుంది. ఆర్‌పీఎం వరుస చూడమన్నది అందుకే.

లిక్విడ్ కూలర్ అయితే రెండు గొట్టాలూ తాకి చూడండి. ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే నీళ్లు కదలడం లేదు, పంపు పోయినట్టే. పంపు గళగళమంటుంటే గాలి చేరింది. రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉండేలా మార్చండి.

గ్రాఫిక్స్ కార్డ్ సంగతి క్లుప్తంగా: మామూలు ఉష్ణోగ్రతకూ హాట్‌స్పాట్‌కూ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) తేడా 30 డిగ్రీలకు మించి ఉంటే దాని పేస్ట్ మార్చే సమయం వచ్చింది.

సిస్టమ్ హఠాత్తుగా ఆగిపోతుంటే మాత్రం నేరాన్ని వేడి మీదే మోపకండి. ప్రాసెసర్ హద్దుకు చేరగానే ముందు క్లాక్ తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి పెరగడం ఆగకపోతేనే కరెంటు కట్ చేస్తుంది. విండోస్ రికార్డులు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్-పవర్ 41 అనే ఎంట్రీ కనబడితే సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే అర్థం, వేడికి అది సాక్ష్యం కాదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో లాగింగ్ (అంకెలను ఫైల్లో రాసుకుంటూ పోయే ఆప్షన్) ఆన్ చేసి, ఆగిపోయాక ఆ ఫైల్లో చివరి వరుస చూడండి. ప్రాసెసర్ 70, గ్రాఫిక్స్ కార్డ్ 72 దగ్గరుండగా ఆగిపోయిందంటే ముందు అనుమానించాల్సింది ఎస్‌ఎంపీఎస్‌నే (సిస్టమ్‌కు కరెంటు సరఫరా చేసే పవర్ సప్లై). దుమ్ము దులపడానికైనా దాన్ని విప్పొద్దు. ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

అన్నీ సరిగా ఉండి కూడా వేడి తగ్గకపోతే బయోస్‌లోకి (మదర్‌బోర్డ్ సెట్టింగుల మెనూ) వెళ్లండి. కొన్ని బోర్డులు ఇంటెల్ ప్రాసెసర్లకు పవర్ లిమిట్ (వాట్ల హద్దు) ఎత్తేసి ఉంచుతాయి. కోర్ ఐ9-13900కెకు ఇంటెల్ చెప్పిన గరిష్ఠం 253 వాట్లు. బయోస్‌లో అంతకంటే పెద్ద అంకె ఉంటే దాన్ని 253కి దించండి. రైజెన్ 7000లో ఎకో మోడ్ పెట్టి 65 వాట్ల స్థాయికి తెస్తే మల్టీకోర్ వేగం కొంత తగ్గుతుంది, గేముల్లో తేడా అంతగా తెలియదు, ఉష్ణోగ్రత మాత్రం బాగా దిగుతుంది. ఇంకా పెద్ద కూలర్ కొనే ముందు ఇది చేసి చూడండి.