ఫ్రాంక్‌ఫర్ట్ రైల్లో ఒక ఫ్రీవీల్

ముందే చెప్పేస్తున్నా, జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగే పెద్ద సైకిళ్ల షో యూరోబైక్ లోపల ఏం చూశానో ఇందులో ఉండదు. దాని గురించి ఫోటోలతో సహా బోలెడుమంది రాసేశారు. నేను రాయాలనుకున్నది రైలు గురించి, అంటే రైల్లో కలిసిన ఒక పెద్దాయన గురించి.

2024లో ఆఫీసు పనిలో పడి ఈ షోకి పోలేకపోయాను. సరిగ్గా ఆ ఏడాదే డ్రోన్లు చేసే డీజేఐ వాళ్లు రెండున్నర కిలోల సైకిల్ మోటార్ తెచ్చి పెట్టారు. బూస్ట్ నొక్కితే 120 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, అట. అందరూ దాన్ని ముట్టుకుని చూస్తుంటే నేను స్టుట్‌గార్ట్ పక్కన ఎస్‌లింగెన్‌లో మీటింగుల్లో కూర్చున్నా. అందుకే 2025లో షో జూన్ 25 నుంచి 29 వరకు అని తెలియగానే శనివారానికి టికెట్ కొనేసి పెట్టుకున్నా. మొదటి మూడు రోజులు వ్యాపారులకే, మనలాంటి వాళ్లకి శని, ఆదివారాలు మాత్రమే. అప్పట్నుంచి రాత్రిళ్లు అన్నం తిన్నాక నా పని వీడియోలు చూడడమే. షిమానో కొత్త గేర్ల సెట్టు ఎక్స్‌టీఆర్ అయితే మరీను. వైరు లేకుండానే గేర్లు మారుతాయి, బ్యాటరీ బయటికి కనబడకుండా డీరైలర్ కడుపులోనే దాచేశారు. డీరైలర్ అంటే వెనక చక్రం పక్కన వేలాడుతూ రాళ్లకి తగిలి వంగిపోతుందే, అదే. నాది ఇప్పటికి రెండుసార్లు వంగింది. దీన్ని చేత్తో పట్టుకుని చూడాలి. దానికి తోడు ఆ వసంతం నుంచి 32 అంగుళాల చక్రాలంటూ ఒకటే గోల, మనమేమో 29 కొని రెండేళ్లు కాలేదు.

ఇంకోటి పినియన్ గేర్ బాక్సు. పోర్షేలో పనిచేసిన ఇద్దరు ఇంజినీర్లు, కారుకున్నట్టే సైకిల్‌కి కూడా పెడళ్ల దగ్గర గేర్ బాక్సు ఉంటే ఏం అని మొదలుపెట్టారు. తర్వాత 2023లో అందులోనే మోటారు కూడా కలిపేసి, ఇదే షోలో చూపించారు. వాళ్ల కంపెనీ డెంకెన్‌డోర్ఫ్‌లో ఉంది. మా ఇంటి నుంచి సైకిల్ మీద అరగంట. పక్కూళ్లో చేసేదాన్ని చూడ్డానికి రెండొందల కిలోమీటర్లు పోతావా అని మా ఆవిడ నవ్వింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా మరి.

శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరా. ఫాస్ట్ రైలెక్కితే గంటన్నర, కానీ చివరి నిమిషంలో దాని రేటు చూస్తే కళ్లు తిరిగాయి. దేశమంతా ప్యాసింజర్ రైళ్లలో తిరగనిచ్చే నెలవారీ డాయిష్‌లాండ్ టికెట్ 49 యూరోలతో మొదలై 2025లో 58 అయింది, నెలనెలా కడుతూనే ఉన్నాం, వాడుకోవాలి కదా అని ప్యాసింజర్లే నమ్ముకున్నా. రూటు ఏమో స్టుట్‌గార్ట్ నుంచి బ్రుఖ్సాల్, హైడెల్‌బెర్గ్, డార్మ్‌స్టాట్ మీదుగా. స్టుట్‌గార్ట్ స్టేషన్లో అరలీటరు నీళ్లు మూడున్నర యూరోలు, పైన ఖాళీ సీసాకి పావు యూరో డిపాజిట్. ఆ డబ్బుతో మదనపల్లెలో ఒకప్పుడు నెలంతా సైకిల్ అద్దెకి తీసుకునేవాళ్లం.

హైడెల్‌బెర్గ్‌లో బండి మారి, సైకిళ్లు పెట్టే పెట్టెలో మడత సీటు మీద కూర్చున్నా. ఏసీ లేదు. తలుపులు మూసుకునే లోపు ఒక సర్దార్జీ, అరవై దాటి ఉంటాయి, సూట్‌కేసు ఈడ్చుకుంటూ ఎక్కాడు. దాని ఒక చక్రం ఊడిపోయి నేలకి గీసుకుంటూ ఘోరంగా చప్పుడు చేస్తోంది. నన్ను ఒకసారి ఎగాదిగా చూసి "బేటా, ఇది ఫ్రాంక్‌ఫర్ట్ పోతుందా" అని హిందీలో అడిగాడు. పోతుందన్నా. పావుగంటకి వైన్‌హైమ్ దాటిందో లేదో బండి ఆగిపోయింది. మైకులో ఏదో చెప్పారు, నాకు అర్థమైంది "ష్టోయెరుంగ్", అంటే ఏదో అంతరాయం, అన్న ఒక్క మాటే. ఇక్కడ ఉండేవాళ్లకి ఆ ఒక్క మాట చాలు.

కుడిపక్క ఓడెన్‌వాల్డ్ కొండలు, కింద ద్రాక్షతోటలు, ఇక్కడ ఉక్క. ఆయన సూట్‌కేసు ఎత్తి పెట్టబోతే నా చెయ్యి పడిపోయింది. "ఏముంది అంకుల్జీ ఇందులో, ఇనుమా?" అన్నా. "ఇనుమే" అన్నాడు.

లూధియానా ఆయనది. సైకిల్ విడిభాగాలు చేసే చిన్న కార్ఖానా. షోలో స్టాలు పెట్టుకున్నారు, కొడుకుని అక్కడ కూర్చోబెట్టి, ఈయన స్టుట్‌గార్ట్ దగ్గర ఎవరో కొనుగోలుదారుని కలిసి వెనక్కి పోతున్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. మూడు రోజులుగా లోపలే ఉన్న మనిషి! నా వచ్చీరాని హిందీలో ప్రశ్నల మీద ప్రశ్నలు. కొత్త ఎక్స్‌టీఆర్ చూశారా? 32 అంగుళాల చక్రం సైకిల్ మీద ఎలా ఉంది? సస్పెన్షన్లలో ఏమొచ్చాయి?

ఆయన కాసేపు ఆలోచించాడు. "మా ఎదుట స్టాల్లో ఎప్పుడు చూసినా జనమే బేటా. ఏదో అద్దాల పెట్టెలో పెట్టారు. అందరూ ఫోటోలు తీసుకుంటారు. ఆర్డరిచ్చే వాడొక్కడు కనబడలేదు" అన్నాడు. అంతే. నేను నెల రోజులుగా కలలు కంటున్న దాని గురించి ఆయన చెప్పింది అంతే.

ఆయన లెక్కలు వేరు. చైనా సైకిళ్ల మీద యూరప్ వాళ్లు 1993 నుంచి అదనపు సుంకం వేస్తున్నారు, ఇప్పుడది 48.5 శాతం. ఆ సందులో మనకేమైనా దొరుకుతుందా అని ఈయన ఏటా మడ్‌గార్డులు, పెడళ్లు, ఫ్రీవీళ్లు (వెనక చక్రానికి ఉండే, వెనక్కి తిప్పితే టిక్ టిక్ మనే పళ్లచక్రాలు) మోసుకొస్తాడు. నా సైకిల్ ధర అడిగాడు. సెకండ్ హ్యాండ్‌లో పద్నాలుగొందల యూరోలు అన్నా. లోపల్లోపల రూపాయల్లోకి మార్చుకున్నట్టున్నాడు, "దాని మీద ఏం మోస్తావు?" అన్నాడు.

ఏం మోస్తాను, నన్నే మోస్తుంది. అదీ ఎక్కడ? మా బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం రెండు మీటర్ల వెడల్పు లేని అడవి బాట మీద సైకిల్ తొక్కకూడదు. కొండ సైకిల్‌కి కావాల్సిందే సన్న బాట. స్టుట్‌గార్ట్‌లో డెగెర్‌లోహ్ దగ్గర చట్టప్రకారం దూకడానికి ఒక ట్రాక్ ఉంది, మారియన్‌ప్లాట్స్‌లో పళ్లచక్రాల రైలు ముందు బండి మీద సైకిల్ పెట్టుకుని పైకి పోయి, కిందికి దూకి, మళ్లీ రైలెక్కుతాం. ఇదంతా చెప్తే సర్దార్జీ చాలాసేపు నవ్వాడు. నాకు కొంచెం కోపమొచ్చింది కూడా.

ఒంటరిగా నవ్వడం బాగాలేదనుకున్నాడేమో, డబ్బా తీసి పిన్నీ పెట్టాడు. సున్నుండకి పంజాబీ అన్నయ్య అనుకోండి, నెయ్యి మాత్రం రెట్టింపు. ఆ ఉక్కలో, నీళ్లు అయిపోయాక, అది తినడం సాహసమే, రెండు తిన్నా.

తర్వాత సూట్‌కేసు తెరిచి నూనె కాగితం చుట్టిన ఒక ఫ్రీవీల్ బయటికి తీశాడు. 18 పళ్లది, మన మామూలు సైకిళ్లకి ఉండేదే. లోపలి రింగులో చూపుడు వేలు దూర్చి పళ్లని వెనక్కి తిప్పాడు. టిక్ టిక్ టిక్ టిక్, మెల్లగా నెమ్మదిస్తూ ఆగిపోయింది.

మా నాన్న టమాటా మార్కెట్లో గుమాస్తా. సీజన్లో ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండు. సందు మొదట్లోనే తొక్కడం ఆపేసేవాడు, అక్కణ్నుంచి వాలు. ఈ చప్పుడే ముందొచ్చేది, తర్వాత స్టాండు వేసిన చప్పుడు, తర్వాత నాన్న. అది వినబడ్డాక నేను నిద్రపోయినట్టు నటించేవాణ్ని. ఇంటర్లో ఉండగా ఆ సైకిలే అడిగి తీసుకుని నలుగురం హార్స్‌లీ హిల్స్ పోయాం. పైకి నెట్టుకుంటూనే ఎక్కాం, దిగేటప్పుడు బ్రేకు రబ్బర్లు కాలిన వాసన. ఇంటికొచ్చాక నాన్న ఏమీ అనలేదు, పొద్దున్నే షాపుకి పోయి కొత్త రబ్బర్లు వేయించుకొచ్చి, ఆ డబ్బులు నాకిచ్చే పాకెట్ మనీలో కోసుకున్నాడు. నా మొదటి మౌంటెన్ బైకింగ్ ఖర్చు అదే.

ఇదంతా సర్దార్జీకి చెప్పలేదు, హిందీలో అంత రాదు. ఇక్కడ కొండ సైకిల్ వాళ్లు వెనక చక్రం మధ్యలోని హబ్బు గట్టిగా టిక్ టిక్ మనాలని వందల యూరోలు పోసి కొంటారని మాత్రం చెప్పా. ఈసారి ఆయన నవ్వలేదు, చిన్న నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు.

రెండు గంటల తర్వాత బండి కదిలింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగేసరికి పదవుతోంది. ఆయన సూట్‌కేసుని నేను మెట్ల మీద మోశాను, ఆ ఫ్రీవీల్‌ని నా చేతిలో పెట్టి "శాంపిల్ బేటా, మళ్లీ మోసుకుపోలేను" అని వెళ్లిపోయాడు. స్టేషన్ ఎదురు వీధిలో ఒక మన హోటల్లో మసాలా దోసె పదకొండు యూరోలు, లోపల కూర చల్లగా ఉంది, అదో కథ.

పొద్దున యూ-4 మెట్రో ఎక్కి ఒక్క స్టాపు, ఫెస్ట్‌హాలే దగ్గర దిగా. సుత్తి కొడుతూ నిలబడిన ఆ పెద్ద నల్ల మనిషి బొమ్మ దాటి లైన్లో నిలబడ్డా. నా ముందు ఇద్దరు కుర్రాళ్లు వైర్‌లెస్ షిఫ్టింగ్ గురించే మాట్లాడుకుంటున్నారు, చెవులు అటే పెట్టా. గేటు దగ్గర సెక్యూరిటీ అతను నా బ్యాగు తడిమి, రాత్రి తీసిపెట్టడం మర్చిపోయిన ఇనుప ముద్దని బయటికి లాగాడు. ఇదేంటి అన్నాడు. ఫ్రీవీల్ అన్నా. లోపల ఇవే కదా ఉన్నాయి, బయట్నుంచి తెస్తావేంటి అన్నట్టు చూశాడు. తర్వాత వేలు దూర్చి ఒకసారి తిప్పాడు. టిక్ టిక్ మంది. ఇంకోసారి తిప్పాడు. వెనకాల లైన్లో ఎవరో గట్టిగా విసుక్కున్నారు.