జీతం తీసుకుంటూ మెషినిస్టు పని నేర్చుకుంటున్నాను: నార్త్ కరోలినాలో నా అనుభవం

అమెరికాలో మనవాళ్లు నలుగురు కలిసి ఉద్యోగాల మాట ఎత్తితే అది టెస్టింగ్ దగ్గరో, బిజినెస్ అనలిస్టు దగ్గరో, ఈమధ్య అయితే డేటా ఇంజినీరింగ్ దగ్గరో ఆగుతుంది. నాకూ అందరూ అదే చెప్పారు. నేను చదివింది విజయవాడలో మెకానికల్ డిప్లొమా, నాన్నకు ఆటోనగర్‌లో లేత్ షాపు ఉండేది. పెళ్లయి ఇక్కడికి వచ్చాక పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా ఇంట్లోనే ఉన్నాను. గ్రీన్ కార్డు వచ్చాక ఏం చేద్దామా అని చూస్తుంటే, మా కౌంటీ కమ్యూనిటీ కాలేజీ వాళ్ల క్లాసుల జాబితాలో మెషినింగ్ (మిషన్ల మీద లోహాన్ని కోసి పార్టులు చేసే పని) అప్రెంటిస్‌షిప్ అని, నేర్చుకునేటప్పుడే జీతం ఇస్తారని కనిపించింది. ఇప్పుడు రెండో సంవత్సరంలో ఉన్నాను. అప్పట్లో దీని గురించి తెలుగులో చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని చాలా వెతికాను, దొరకలేదు. అందుకే తెలిసినంతా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది, ఇది కోర్సు కాదు, ఉద్యోగం. సీటు తెచ్చుకుని, చదివి, ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కోవడం మనకు అలవాటు కదా, ఇక్కడ వరుస తిరగబడుతుంది. ముందు కంపెనీ మనల్ని పనిలోకి తీసుకుంటుంది, తర్వాత ఆ కంపెనీయే కాలేజీకి పంపుతుంది, మా కంపెనీ అయితే ఫీజు, పుస్తకాల ఖర్చు కూడా పెట్టుకుంది. కాబట్టి అడ్మిషన్ల కౌంటర్‌లో నిలబడి అడిగితే సరైన జవాబు రాదు. కాలేజీలో వర్క్‌ఫోర్స్ విభాగం అని విడిగా ఉంటుంది, ఈ ఏడాది ఏ కంపెనీలు మనుషుల్ని తీసుకుంటున్నాయో వాళ్ల దగ్గర ఉంటుంది, అక్కడికి వెళ్లాలి. మా రాష్ట్రంలో 58 కమ్యూనిటీ కాలేజీలున్నాయి, అప్రెంటిస్‌షిప్‌లు నమోదు చేసే రాష్ట్ర సంస్థ అప్రెంటిస్‌షిప్ ఎన్‌సీ కూడా ఆ కాలేజీల వ్యవస్థలోనే ఉంది, అందుకని ఇక్కడ పని కొంచెం సులువు. వేరే రాష్ట్రంలో ఉంటే అప్రెంటిస్‌షిప్ డాట్ గవ్ అనే ప్రభుత్వ సైట్‌లో ఊరు పేరు, పని పేరు కొట్టి చూడొచ్చు.

కంపెనీ ఇచ్చే ప్రకటనలో రిజిస్టర్డ్ అనే మాట ఉందో లేదో తప్పకుండా చూడండి. 1937 నాటి జాతీయ అప్రెంటిస్‌షిప్ చట్టం కింద నమోదైన వాటికి లెక్క ఉంటుంది. కనీసం 2000 గంటలు పని మీద శిక్షణ, ఏడాదికి కనీసం 144 గంటల క్లాసులు ఉండాలన్న సిఫార్సు, పని వచ్చేకొద్దీ జీతం ఎలా పెరగాలో ముందే రాతలో ఉండటం, చివర్లో దేశమంతా చెల్లే సర్టిఫికెట్. మెషినిస్టుకైతే మామూలుగా నాలుగేళ్లు, 8000 గంటలు. ఆ మాట లేకపోతే అది ఉత్త ట్రైనింగ్ కావచ్చు, ఇంటర్న్‌షిప్ కావచ్చు, ఆ సర్టిఫికెట్ మాత్రం రాదు.

ఎవరు చేరొచ్చు అని నన్ను ఎక్కువమంది అడుగుతారు. ఉద్యోగం కాబట్టి పని చేసే అనుమతి ఉండాలి, అంతే. గ్రీన్ కార్డు ఉన్నా, పౌరసత్వం ఉన్నా సమస్య లేదు. హెచ్4 మీద, అంటే హెచ్1బీ వాళ్ల భార్య లేదా భర్తగా వచ్చినవాళ్లకు ఈఏడీ అనే పని అనుమతి కార్డు ఉంటే చేయొచ్చు, హెచ్1బీ మీద ఉన్న భర్తకో భార్యకో ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) అప్రూవ్ అయి ఉంటే ఆ కార్డుకి అప్లై చేసుకునే వీలు 2015 నుంచి ఉంది. కాకపోతే నాలుగేళ్ల శిక్షణ మధ్యలో కార్డు గడువు తీరుతుంది, రెన్యువల్ ఆలస్యమైతే పని ఆపాల్సి రావచ్చు, ఆ సంగతి కంపెనీతో మొదట్లోనే మాట్లాడుకోవడం మంచిది. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద చదువుకుంటున్న పిల్లలు మాత్రం దీన్ని మామూలు ఉద్యోగంలా చూసి చేరిపోకండి, వీసాకే ముప్పు, ముందు మీ కాలేజీలో ఇంటర్నేషనల్ ఆఫీసుని అడగండి.

ఇక ఎంపిక. ముందు ఓపెన్ హౌస్ అని ఒక సాయంత్రం కంపెనీలన్నీ కాలేజీకి వస్తాయి, అక్కడే మిషన్లుండే వర్క్‌షాపు కూడా చూపిస్తారు. తర్వాత పరీక్ష. లెక్కలు మన పదో తరగతి స్థాయి దాటవు, కానీ అన్నీ అంగుళాల్లో, భిన్నాల్లో ఉంటాయి. 3/8 అంటే 0.375, 5/16 అంటే 0.3125 అని చూడగానే తట్టాలి, క్యాలిక్యులేటర్ ఇవ్వరు. పళ్ల చక్రాల బొమ్మ ఇచ్చి మొదటిది ఇటు తిరిగితే ఆఖరిది ఎటు తిరుగుతుంది, పుల్లీ మార్చితే వేగం పెరుగుతుందా తగ్గుతుందా, ఇలాంటివి ఉంటాయి. పిల్లల లెక్కల వర్క్‌బుక్‌లే ముందేసుకుని రోజూ రాత్రి భిన్నాలు చేశాను, అది చాలా పనికొచ్చింది.

ఇంటర్వ్యూకి నేను బాగా టెన్షన్ పడ్డాను, ఇన్నేళ్లు ఇంట్లో ఉన్నావేం అని అడుగుతారని. ఒక్కరూ అడగలేదు. పొద్దున ఆరింటికి షిఫ్టులో ఉండగలవా, రోజంతా నిలబడి చేయగలవా, ఇంట్లో ఏదైనా పాడైతే విప్పి చూస్తావా, అని అడిగారు. చిన్నప్పుడు సెలవుల్లో నాన్న షాపులో కూర్చుని బుష్షులు టర్నింగ్ చేస్తుంటే చూసిన సంగతి చెప్పాను, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు కుర్చీలు ముందుకు జరుపుకుని మరీ విన్నారు, ఆ లేత్ ఏ రకం, ఏం పార్టులు చేసేవాళ్లు అని ఎదురు ప్రశ్నలేశారు. మన ఊళ్లలో ఆ పని చేసేవాళ్ల పిల్లలు ఇక్కడ ఎంతోమంది ఉన్నారు, దయచేసి అది దాచుకోకండి. ఆ తర్వాత డ్రగ్ టెస్టు, పని చేసే అనుమతి ఉందని చూపించే ఐ-9 కాగితాలు, అవి ఏ ఉద్యోగానికైనా ఉండేవే.

అగ్రిమెంటు దగ్గర మాత్రం నిదానంగా ఉండాలి. క్లాసులో కూర్చున్న గంటలకు కూడా జీతం ఇస్తారా, మార్కులు ఎంతకు తగ్గితే ఫీజు మనం కట్టాలి, మధ్యలో మానేస్తే కట్టిన ఫీజు వెనక్కి అడుగుతారా, శిక్షణ అయ్యాక ఇన్నేళ్లు ఇక్కడే చేయాలని షరతు ఉందా, హెల్త్ ఇన్సూరెన్స్ ఏ రోజు నుంచి, ఇవన్నీ కంపెనీని బట్టి మారతాయి. నేను ఇంటికి తెచ్చుకుని, మావారితో కూర్చుని చదివి, అనుమానం ఉన్నవి మెయిల్‌లో అడిగి జవాబులొచ్చాకే సంతకం పెట్టాను. నాకు గంటకు 18 డాలర్లతో మొదలైంది. మా రాష్ట్రంలో కనీస వేతనం 7.25 డాలర్లే కాబట్టి నేర్చుకునేవాళ్లకు అది మంచి జీతమే. ప్రతి వెయ్యి గంటలకూ కొంత పెరుగుతుంది. బయట వేల డాలర్లు కట్టి మూడు నెలల సాఫ్ట్‌వేర్ ట్రైనింగులు తీసుకుని, ఆ తర్వాత రెజ్యూమెలో లేని అనుభవం రాసుకుని భయపడుతూ ఉద్యోగాలు చేసేవాళ్లను దగ్గరగా చూశాను, నాకు చాలా బాధేస్తుంది. ఇలాంటి దారి ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

పనిలో చేరిన మొదటి రోజే భద్రత క్లాసు. స్టీల్ టో బూట్లు, కళ్లద్దాలు, జుట్టు బిగించి ముడి. ఉంగరం, గాజులు, మెడలో గొలుసు ఏదీ ఉండకూడదు, తిరుగుతున్న స్పిండిల్‌కి ఏది తగులుకున్నా మనిషిని లాగేస్తుంది. నల్లపూసలు తీసి పెట్టడం గురించి ఇంట్లో ఒక మాట వచ్చింది. అత్తయ్యగారికి ఫోన్‌లో మిషను ఎంత వేగంగా తిరుగుతుందో చెప్పాను, "అయితే తీసే వెళ్లమ్మా, ఇంటికొచ్చాక వేసుకో" అన్నారు.

మన దగ్గర డిప్లొమా చేసినవాళ్లకు ఇక్కడ రెండు విషయాలు కొత్తగా ఉంటాయి. ఒకటి కొలతలు. మిల్లీమీటర్లు పోయి అంతా అంగుళంలో వెయ్యో వంతు, దాన్నే థౌ అంటారు. ఒక థౌ అంటే మిల్లీమీటర్‌లో నలభయ్యో వంతు కంటే రవ్వంత ఎక్కువ. రెండోది డ్రాయింగ్. మనం ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్‌లో నేర్చుకున్నాం, అంటే పై నుంచి చూసిన బొమ్మ కింద వేస్తాం. ఇక్కడ థర్డ్ యాంగిల్, పై బొమ్మ పైనే ఉంటుంది, కుడి వైపు బొమ్మ కుడివైపే. పక్కన వేసే చిన్న గుర్తు చూడకుండా చదివితే రంధ్రం అవతలి వైపుకి పోతుంది. నాకు పని నేర్పే ఆయన ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషి, రెండు పద్ధతుల్లోనూ ఒకే పార్టు గీసి చూపించమని నన్నే అడిగి మిగతా పిల్లలందరికీ చెప్పించారు.

మొదటి నెలలన్నీ అంచులు గీకడం, రంపం, డ్రిల్లు, మామూలు లేత్, మిల్లింగ్ మిషను. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్ల దగ్గరికి ఆ తర్వాతే రానిచ్చారు. చేత్తో తిప్పి లోహం ఎలా తెగుతుందో తెలిసినవాళ్లకే ఆ మిషన్లను నడిపే జీ-కోడ్ ప్రోగ్రాం చదివితే ఏం జరగబోతుందో కళ్లకు కడుతుంది, ఈ పద్ధతి సరైనదని నాకు గట్టి నమ్మకం. సన్నని కొలతలు తీసే మైక్రోమీటర్ గురించి నాన్నకు చెబితే "అమ్మాయ్, చివర రాచెట్ తిప్పే కొలువు, వేళ్లతో బిగించావంటే కొలత నీ చేతిబలాన్ని బట్టి మారిపోద్ది" అన్నారు. ఇక్కడ మాస్టారూ మొదటి క్లాసులో అదే చెప్పారు.

చేసిన గంటలన్నీ ఏ మిషను మీద ఎన్ని అని లాగ్‌బుక్కులో రాసి సంతకం పెట్టించుకోవాలి. ఇది వారం వారం చేయించుకోండి, మీకు నేర్పేవాళ్లు షిఫ్టు మారినా, కంపెనీ వదిలేసినా పాత గంటలు నిరూపించడం కష్టం. వారంలో రెండు సాయంత్రాలు క్లాసు, ఆ రోజుల్లో పిల్లల అన్నం, హోంవర్కు మావారే చూసుకుంటారు. ఇంట్లో ఆ సాయం లేకపోతే పగలు క్లాసులకు పంపే కంపెనీ వెతుక్కోవాలి, అలాంటివీ ఉన్నాయి.

వయసు గురించి బెంగ వద్దు, నా బ్యాచ్‌లో హైస్కూలు అయిన పిల్లలూ ఉన్నారు, నలభై దాటినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లిష్ కూడా అనర్గళంగా అక్కర్లేదు, అర్థం కాకపోతే మళ్లీ అడిగే ధైర్యం ఉంటే చాలు. మా దగ్గర కంపెనీలు వచ్చే బ్యాచ్ కోసం చలికాలంలోనే వెతకడం మొదలుపెడతాయి, మే దాకా ఆగితే సీట్లు అయిపోతాయి. కాబట్టి ఇప్పుడే మీ కౌంటీ కాలేజీలో వర్క్‌ఫోర్స్ విభాగానికి ఫోన్ చేసి ఓపెన్ హౌస్ ఎప్పుడో కనుక్కోండి, వెళ్లేటప్పుడు డిప్లొమా, ఐటీఐ సర్టిఫికెట్ల కాపీలు వెంట ఉంచుకోండి, ముందు చేసిన చదువుకో అనుభవానికో కొన్ని గంటలు తగ్గించే వీలు కొన్ని చోట్ల ఉంటుంది.