ఎవల దిక్కు?

2025 ఏప్రిల్‌లో ఆస్టిన్ నగరంలో, టెక్సాస్ ప్రతినిధుల సభకు చెందిన ఒక కమిటీ ముందు నేను మూడు నిమిషాలు మాట్లాడాను. విద్యుత్తును నిల్వ చేసే బ్యాటరీ కేంద్రాల మీద కొత్త ఆంక్షలు పెట్టాలన్న బిల్లు అది. ఆ ఆంక్షలు అనవసరమని, మంటలు వ్యాపించకుండా చూసే పద్ధతులు ఇప్పటికే వాడుకలో ఉన్నాయని అంకెలతో సహా వివరించాను. నేను ముగించగానే ఒక సభ్యురాలు తన ముందున్న తెర చూస్తూ, "మీ వృత్తి ఇంజినీర్ అని మాత్రమే రాశారు. ఏ రంగంలో?" అని అడిగారు. అలాంటి కేంద్రాలకు డిజైన్లు చేసే కంపెనీలోనే పనిచేస్తున్నానని చెప్పాను. "ఆ మాట మీ మొదటి వాక్యంలో ఉండాల్సింది. నేను అడిగితే గానీ బయటకు రాకపోవడం బాగాలేదు" అన్నారు. ఆమె గొంతులో కోపం లేదు. తరువాత మాట్లాడవలసిన వారి పేరు పిలిచారు.

డాలస్‌కు తిరిగి వచ్చే మూడు గంటల దారి పొడవునా నేను ఆమెతో మనసులో వాదిస్తూనే ఉన్నాను. నన్ను కంపెనీ పంపలేదు. ఒక రోజు సెలవు పెట్టుకొని, నా పెట్రోలు పోసుకొని, నాకు తెలిసిన విద్య నలుగురికీ పనికి వస్తుందని వెళ్ళాను. సాక్ష్యం చెప్పేవారు పేరు నమోదు చేసుకునే కియోస్కు యంత్రంలో వివరాలు నింపేటప్పుడు అబద్ధం రాయలేదు. బిల్లుకు అనుకూలమా, వ్యతిరేకమా, తటస్థమా అని అడిగితే వ్యతిరేకమని, ఎవరి తరఫున వచ్చారని అడిగితే నా తరఫునే అని నింపాను. సొంతంగా వచ్చినవారు తమ వృత్తి ఏమిటో కూడా రాయాలన్నది ఆ సభ నియమం కనుక అదీ రాశాను. ఆ వివరాలన్నీ ప్రమాణం చేసి ఇచ్చినట్టే లెక్క. ఓటు హక్కు లేని నన్ను పౌరుడివా కాదా అని ఒక్కరూ అడగలేదు. ఆ మర్యాదకు పొంగిపోయి కూర్చున్న మనిషిని ఆఖరికి నీ జీతం ఎవరిస్తారని నిలదీసినట్టు అనిపించింది.

మన దగ్గర ఆ ప్రశ్న వేస్తే ఏమవుతుందో చదివేవారికి చెప్పనక్కరలేదు. పదిమందిలో నిలబడి మాట్లాడే మనిషిని "నీకెంత ముట్టింది?" అని అడిగినట్టే ఉంటుంది. పరకాల దగ్గరి మా ఊళ్ళో ముప్పై ఏళ్ళు పంతులుగా పనిచేసిన మా బాపు మాటను అలా శంకించి ఉంటే ఆయన మళ్ళీ ఆ గడప తొక్కేవాడు కాదు. ఆ పౌరుషమే నాలోనూ లేచింది.

అయితే నా తరువాత మాట్లాడిన ఒక పెద్దావిడను మాత్రం నా వాదన దాటలేకపోయింది. గళ్ళ చొక్కా వేసుకొని, నాలుగు మడతలు పెట్టిన కాగితాన్ని రెండు చేతులతో పట్టుకొని ఆమె లేచారు. బిల్లుకు అనుకూలంగా వచ్చారు. మొదటి మాటగా ఇలా అన్నారు: "నా పక్క భూమిలో ఈ కేంద్రం కడుతున్నారు. ముందు నా భూమినే అడిగారు, ధర కుదరక నేనే ఇవ్వలేదు. కుదిరి ఉంటే ఈ రోజు ఇక్కడికి వచ్చేదాన్ని కాదేమో, అది దృష్టిలో పెట్టుకొని నా మాట వినండి." ఆ తరువాతే కాగితం మడత విప్పారు. సభ్యులు ఆమెను పది నిమిషాలు ప్రశ్నలు అడిగారు. అగ్నిమాపక వాహనం ఎంత దూరం నుంచి రావాలి, బావి నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయి, రాత్రి పూట చప్పుడు ఉంటుందా అని ఒకరి తరువాత ఒకరు అడిగారు.

ఈ పద్ధతి వాళ్ళకు పుట్టుకతో వచ్చిందేమీ కాదు. 1989లో ఇదే టెక్సాస్‌లో, పనిచేస్తూ గాయపడ్డ కార్మికుల పరిహార చట్టం మీద చర్చ నడుస్తుండగా, కోళ్ల వ్యాపారంలో పేరుపడ్డ బో పిల్‌గ్రిమ్ సెనేట్ సభ లోపలికే వెళ్ళి సభ్యులకు పదివేల డాలర్ల చెక్కులు పంచాడు. పేరు రాయవలసిన చోటు ఖాళీగా వదిలిన చెక్కులవి. అప్పటికి అది నేరం కూడా కాదు. అంత అల్లరి జరిగిన తరువాతే, 1991లో ప్రజల ఓటుతో టెక్సాస్ ఎథిక్స్ కమిషన్ ఏర్పడింది. ఇతరుల తరఫున శాసనకర్తలను ప్రభావితం చేయడమే పనిగా పెట్టుకున్నవారు నేడు అక్కడే పేరు నమోదు చేసుకొని, ఎవరి కోసం పనిచేస్తున్నారో చెప్పాలి. కేంద్ర స్థాయిలో, వాషింగ్టన్‌లో, 1995 నాటి చట్టం ప్రకారం అలాంటి వివరాలు, లెక్కలు ఇవ్వాలి, 2007 సవరణ తరువాత మూడు నెలలకొకసారి ఇవ్వాలి. మనం పైరవీ అని ఈసడించుకునే పనికి అక్కడ ఒక రిజిస్టర్ ఉంది, అందులో ఎవరైనా వెతుక్కోవచ్చు.

ఆ రిజిస్టర్ వల్ల మన పార్లమెంటే ఒకసారి దద్దరిల్లింది. చిల్లర వర్తకంలోకి విదేశీ పెట్టుబడి రావాలా వద్దా అన్న వాదం నడుస్తున్న 2012 డిసెంబరులో, వాల్‌మార్ట్ 2008 నుంచి లాబీయింగుకు దాదాపు 2.5 కోట్ల డాలర్లు ఖర్చు చేసిందని, అది పట్టించుకున్న అంశాల్లో భారత మార్కెట్ ప్రవేశం ఒకటని వార్త వచ్చింది. అది ఎవరో రహస్యంగా బయటపెట్టిన సంగతి కాదు, అమెరికా చట్టం ప్రకారం ఆ కంపెనీ స్వయంగా ఇచ్చిన లెక్క. ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి ముకుల్ ముద్గల్‌తో విచారణ వేసింది. మన మార్కెట్ గురించిన మాటను మనం వాళ్ళ పుస్తకంలో చదువుకోవలసి వచ్చిందన్న బాధ నాకు ఇప్పుడు తెలుస్తోంది కానీ, అప్పుడు తెలియలేదు. రాజ్యసభ సభ్యులు తమ ఆర్థిక ప్రయోజనాలను నమోదు చేయాలని 293వ నియమం చెబుతుంది. సభ్యులను కలిసి ఒప్పించడానికి వచ్చేవారి వివరాలు రాయించే చట్టం మాత్రం మనకు నేటికీ లేదు.

అలాగని మనకు ఈ తెలివి లేదంటే నేను ఒప్పుకోను. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన రైతు చేతికి వచ్చే తక్‌పట్టి చూడండి. ఖరీదుదారు ఎవరో, మధ్యవర్తిగా అమ్మిపెట్టే అడ్తిదారు ఎవరో, తూకమెంతో, ధర ఎంతో, అందులో పోయినదెంతో ఆ చీటీ మీద ఉంటుంది. అడ్తిదారుకు లైసెన్సు ఉండాలి. మధ్యలో నిలబడి మాట్లాడేవాడు ఎవరి మనిషో కాగితం మీదికి రావాలన్న న్యాయం మన రైతుకు కొత్త కాదు. ఊళ్ళోకి కొత్త మనిషి వస్తే "ఎవలోళ్ల పిలగానివి?" అనే కదా మొదట అడుగుతాం. బస్తా మిర్చికి పట్టించుకున్న ఈ న్యాయాన్ని చట్టం చేసే చోట ఎందుకు పట్టించుకోలేదన్నదే నన్ను తొలుస్తోంది.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి జరిగినదంతా బాపుకు చెప్పాను. నా పక్షం తీసుకుంటాడనుకున్నాను. అంతా విని, "ఇంతకు నువ్వు ఎవల దిక్కు మాట్లాడవోయినవ్ బిడ్డా?" అన్నాడు. నాకు జవాబు రాలేదు. నేను కంపెనీ దిక్కు మాట్లాడలేదు, కానీ ఆ ఆంక్షలు వస్తే నా పని తగ్గుతుందన్న భయం నాలో ఉంది. అది ఆ మూడు నిమిషాల్లో ఎక్కడా చెప్పలేదు.

అప్పుడే మా బాబాయి, చిన్నబాపు గుర్తుకొచ్చాడు. నేను ఇంజినీరింగ్ చదివే రోజుల్లో మా మండలంలో ఒక క్వారీ కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం జరిగే సభ అది. షామియానా కింద పై అధికారులు కూర్చున్నారు, వీడియో తీస్తున్నారు, వచ్చినవాళ్ళ సంతకాలు రిజిస్టర్‌లో పెట్టిస్తున్నారు. చిన్నబాపు మైకు అందుకొని, "నేను రైతును, క్వారీ వస్తే మా ఊరి పోరగాండ్లకు పని దొరుకుతది" అని చెప్పి కూర్చున్నాడు. ఆయన రైతే. కానీ ఆ పనికే కొన్న రెండు టిప్పర్లు అప్పటికే మా వాకిట్లో ఉన్నాయి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, వేదిక మీద ఉన్నవారికి తెలియదు. ఊరు మర్యాదకు నోరు మూసుకుంది, నేనూ మూసుకున్నాను. మినిట్స్‌లో ఆయన పేరు పక్కన రైతు అనే ఉంది. నా పేరు పక్కన ఇంజినీర్ అని ఉన్నట్టే.

మరునాడు కమిటీ క్లర్క్‌కు ఒక ఉత్తరం రాసి, నా కంపెనీ ఏ పని చేస్తుందో, ఆ బిల్లుతో దానికి ఏ సంబంధం ఉందో చెప్పి, నా సాక్ష్యంతో జతచేయమని అడిగాను. జతచేశామని, రాసినందుకు ధన్యవాదాలని రెండు వాక్యాల జవాబు వచ్చింది.

ఆ క్వారీని పెంచుతారట, మళ్ళీ సభ పెడతారట. గత దసరాకు ఊరికి వెళ్ళినప్పుడు చిన్నబాపును కదిపాను. ఈసారి మైకు పట్టుకోగానే టిప్పర్ల సంగతి చెప్పమన్నాను. కోపగించుకోలేదు. "ఎవలన్న అడిగితే చెప్తుంటి గద" అన్నాడు. కాసేపు ఆగి, "గా ముచ్చట ముందుగాల్నే చెప్తే నా మాటకు ఇలువేముంటదిరా?" అన్నాడు. గళ్ళ చొక్కా పెద్దావిడ గురించి చెప్పాను. భూమి ధర కుదరలేదని ఆమె మొదటే ఒప్పుకున్నదని విని ఆశ్చర్యపోయాడు.

"మరి ఆమె మాట ఇన్నరా?"

"పది నిమిషాలు అడిగిండ్రు చిన్నబాపూ."

"నిన్నో?"

"నన్ను ఒక్కటే ప్రశ్న అడిగిండ్రు."