నాంపల్లిలో మా బసవన్న

కాచిగూడ నుంచి నాంపల్లికి ఆటో 250 రూపాయలు. ఆ డబ్బుతో మా ఇంటిల్లిపాదీ లేపాక్షి నుంచి హిందూపురం పోయి రావచ్చు.

వచ్చిన పని అరగంటలో తేలింది. బండి రాత్రికి గానీ లేదు. పబ్లిక్ గార్డెన్స్‌లోకి నడిచి, లలిత కళా తోరణానికి దగ్గర్లో చెట్టు కింద కూర్చున్నాను. తెలుగు సినిమాలకు ప్రభుత్వం ఇచ్చిన నంది అవార్డుల సభలు జరిగిన ఆరుబయటి వేదిక అది. ఆ అవార్డు బొమ్మ మా లేపాక్షి నందిదే. చిన్నప్పుడు టీవీలో ఎవరి చేతిలోనైనా నంది కనబడితే మా నాయన "మన బసవన్నరా!" అని ఇంట్లో అందర్నీ పిలిచేవాడు. మా ఊళ్లో 27 అడుగుల పొడవున్న ఏకశిలా నంది ఒకరి చేతిలో ఇమిడిపోవడం నాకు పెద్ద వింత.

పక్కన కూర్చున్న పెద్దాయన ఒకప్పుడు సభలకు లైట్లు కట్టేవాడట. "ఏడికెల్లి వచ్చినవ్ బిడ్డా?" అన్నాడు. లేపాక్షి అనగానే ముఖం వెలిగింది. "అయితే నంది మీదే గదా! పాసులు దొరకకుంటే గేటు కాడ ఎంత లొల్లి చేస్తుండె జనం!"

ఆ అవార్డు పెట్టింది 1964లో. తెలుగు సినిమా అప్పటికింకా మద్రాసులోనే ఉంది, గౌరవం మాత్రం హైదరాబాదు నుంచి. మొదటి బంగారు నంది 'డాక్టర్ చక్రవర్తి'కి. తర్వాత వెండి, కంచు, రాగి నందులు. రాష్ట్రం విడిపోయాక 2014, 2015, 2016 అవార్డులను 2017 నవంబరులో ఒక్కసారే ప్రకటించారు. గొడవ రేగింది. ప్రదానం జరగనేలేదు.

నా బాధ హీరోల గురించి కాదు, వాళ్లకు వేరే అవార్డులొస్తాయి. ఆ జాబితాల్లో ఎడిటర్లు, కళా దర్శకులు, మేకప్ వాళ్లు కూడా ఉన్నారు. వాళ్లింటి షోకేసులో ఆ నంది ఉండాల్సింది. పేరు చదివి చేతిలో పెట్టకపోవడం అన్యాయం.

"మాకు తెలంగాణల గద్దరన్న పేరు మీద ఇస్తున్రు, 2025ల హైటెక్స్‌ల ఇచ్చిన్రు. మంచిగనే ఉంది," అన్నాడు పెద్దాయన. కాసేపాగి, "మరి మీ నంది ఎప్పుడొస్తది బిడ్డా?"

ఏం చెప్పను? ఇద్దరం చాయ్ తాగాం. డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

తెల్లారి హిందూపురంలో దిగి లేపాక్షి బస్సెక్కాను. ఇంటికి పోయే ముందు బసవన్న దగ్గర దిగాను.