గుర్రాల ప్రింట్, మూడో వారం: చుక్కల దగ్గరే ఆగింది

నిన్న రాత్రి పన్నెండున్నర దాకా భూతద్దానికి కన్ను అతికించుకుని కూర్చున్నాను. నా దగ్గరున్న గుర్రాల ప్రింట్ చిత్రకారుడు వేయించిన అసలుదా, తర్వాత ఎవరో తీసిన నకలా అన్నది చూద్దామని. కన్ను ఎర్రబడింది తప్ప తేలిందేమీ లేదు.

పోయిన నెల తెచ్చిన చిత్రకారుడు లక్ష్మా గౌడ్ బొమ్మ నిజమైన ఎచింగేనని (రేకు మీద యాసిడ్‌తో గీతలు తొలిచి తీసే అచ్చు) తేలింది. రేకు నొక్కు వేలికి తగులుతోంది, గీతల మీద ఇంక్ ఉబ్బి ఉంది. దాని కథ అంతే.

ఇక గుర్రాలు. హుసేన్ అని సంతకం, 112/250 (అంటే 250 కాపీల్లో 112వది), పక్కన ఏడు కాబోలు 86, అన్నీ పెన్సిల్‌తో. ఆబిడ్స్‌లో పాత ఫ్రేముల కొట్లో 6,500కి ఇచ్చారు. "హుసేన్ సాబ్ గుర్రాలు సార్" అన్నదొక్కటే కాగితం లేని గ్యారంటీ. బొమ్మ 46.5 × 65 సెం.మీ., షీటు 53.1 × 76.2. ఎత్తు సరిగ్గా 30 అంగుళాలు, వెడల్పు మాత్రం అలాంటి షీట్లకు మామూలుగా ఉండే 22 అంగుళాలకు 2.8 సెం.మీ. తక్కువ. ఎడమ మార్జిన్ 4.7, కుడి మార్జిన్ 1.9. తేడా అదే 2.8! మూడు వైపులా చింపినట్టుండే గరుకు అంచు, కుడివైపు బ్లేడు కోత. ఫ్రేములో పట్టించడానికి ఎవరో మహానుభావుడు కోసేశాడు. కాగితం తయారుచేసినవాళ్ళ వాటర్‌మార్క్ ఉండుంటే ఆ ముక్కతోనే పోయినట్టుంది. ధర సగం అక్కడే పడిపోతుంది, సరే.

సంతకం అచ్చుది కాదు. టార్చ్ ఏటవాలుగా పెడితే గ్రాఫైట్ మెరుస్తోంది, కాగితం నూగు మీదే అంటి గుంటల్లో తెగిపోతోంది. అలాంటి కాగితం మీదే అప్సరా పెన్సిల్‌తో గీసి పోల్చాను, అదే తీరు. రబ్బరుతో రుద్ది చూడమనే వాళ్ళ మాట మాత్రం వినకండి, ఉన్న ఒక్క సాక్ష్యం చెరిగిపోతుంది. నంబరు వేరే చేతిరాతలా ఉంది. అదేం తప్పు కాదు, నంబర్లు చాలాసార్లు ప్రింట్ వేసినవాళ్ళే రాస్తారు. అయితే పెన్సిల్ నిజమైనదే అయినా, పట్టుకున్నది ఎవరన్నది పెన్సిల్ చెప్పదు.

అసలు తలనొప్పి బొమ్మలో. కుడి గుర్రం జూలు కింద గోధుమరంగు మచ్చలో ఒక వరుసా పద్ధతీ లేని చుక్కలు. ఆఫ్‌సెట్ (మామూలు ప్రెస్సు అచ్చు) అయితే నాలుగు రంగుల చుక్కలు చిన్న పువ్వుల్లా కూర్చుని కనిపించాలి, అవి లేవు. చిక్కడపల్లిలో ప్రెస్ నడిపే మిత్రుడు కూడా చూసి "అన్నా, ఇది మా మెషిన్ పని కాదు" అన్నాడు. మరి మిగిలినవి రెండు: గరుకు రాయి మీదో రేకు మీదో గీసి తీసిన లిథోగ్రాఫ్, అంటే అసలుది, లేదా ఇంక్‌జెట్, అంటే నకలు. రెండింటికీ చుక్కలు చెల్లాచెదురే. లిథో అయితే గోధుమరంగు ఒకే ఇంక్. ఇంక్‌జెట్ అయితే ఆ గోధుమ లోపల పసుపు, గులాబీ, నీలం విడివిడిగా కనిపిస్తాయి.

కనిపించాయి! ఎగిరి గంతేశాను. తర్వాత అనుమానమొచ్చి ఆఫీసులో లేజర్ ప్రింటర్ తీసిన నల్ల అక్షరాన్ని అదే 60 రెట్ల భూతద్దం కింద పెడితే, దాని అంచుల్లోనూ నీలం, నారింజ. అద్దమే రంగులు పుట్టిస్తోంది! కోఠిలో 350 పెట్టి కొన్న ఆ లైటు భూతద్దం చెత్త. నా ఇంకో భూతద్దం, బెలోమో 10 రెట్ల ట్రిప్లెట్ (మూడు అద్దాలు కలిపినది), రంగు విషయంలో నిజాయితీపరుడే కానీ చుక్కను విడదీసి చూపదు. ఫోన్ కెమెరా పెడితే అది తన సొంత కవిత్వం కలుపుతోంది.

స్టీలు స్కేలు పెట్టి ఒక మిల్లీమీటరులో ఎన్ని చుక్కలో లెక్కపెట్టాను. మూడు చోట్ల 8, 11, 14. తొలి రోజుల ఐరిస్ ఇంక్‌జెట్ మెషిన్లు అంగుళానికి 300 చుక్కలు, అంటే మిల్లీమీటరుకు దాదాపు 12. నా లెక్కల మధ్యలోనే పడింది, దరిద్రం. 365 నానోమీటర్ల యూవీ టార్చ్ వేస్తే షీటు మెరవలేదు, అంటే దానిలో తెల్లదనం మందు లేదు; వెనకున్న మౌంటు బోర్డు మాత్రం నీలంగా వెలిగింది. దీనితోనూ తేలదు, తెల్లదనం మందు కలపని ఇంక్‌జెట్ కాగితాలూ దొరుకుతున్నాయి కదా.

ఇంక్‌జెట్ అయితే ఆ 86 సంగతేమిటి? ఇంక్‌జెట్ ఆర్ట్ ప్రింట్లకు జిక్లే అన్న పేరే 1991లో పుట్టింది. 86 అంటే అసలు పెయింటింగ్ వేసిన ఏడేమోనని ఒక చిన్న సందు ఉంది. ఫ్రేము వెనక స్టిక్కర్ మీద ఏడంకెల ఫోన్ నంబరుంది, ఎనిమిదంకెలు రాకముందుది, అంటే ఫ్రేము పాతదే. కానీ మేకుల రంధ్రాలు రెండు జతలున్నాయి. అంటే ఫ్రేము ఒకసారి విప్పారు, లోపలిది మార్చారేమో కూడా.

"ఇంకా ఆ చుక్కలేనా?" అని మా ఆవిడ ప్లేటు పెట్టేసి వెళ్ళిపోయింది.

ప్రింట్‌మేకర్ కృష్ణారెడ్డి ప్రింట్ ఒక్కటి దొరికితే ఈ గోలే ఉండదు. ఒకే రేకు మీద చిక్కదనం వేరువేరుగా ఉన్న ఇంకులు పూసి, అన్ని రంగులూ ఒకేసారి అచ్చు వేసేవాడు ఆ నందనూరు మనిషి. రేకు మీది ఎత్తుపల్లాలు కాగితంలోనే దిగి ఉంటాయి. నా జేబుకు అందదు లెండి, మ్యూజియంలో చూసుకోవడమే.

ప్రస్తుతానికి ఒక లెక్చరర్ మిత్రుడు ఆదివారం యూఎస్‌బీ మైక్రోస్కోప్ తెస్తానన్నాడు. హెచ్‌సీయూలో ప్రింట్‌మేకింగ్ చదివే కుర్రాడు తను వేసిన లిథో ఒకటి అరువిస్తానన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి మొదట చూడబోయేది ఆ జూలు కింది గోధుమ మచ్చనే.