ఆ రాయి ఎక్కడుందో రాశాను

పేపర్‌కు ఊళ్ళ వార్తలు పంపే స్ట్రింగర్‌గా ఉన్నప్పుడు నాకు జీతం లేదు, లైన్ అకౌంటే, అంటే అచ్చయిన లైన్ల లెక్కన డబ్బులు. దేవరకొండ వైపు ఒక మండలంలో యాక్సిడెంట్లు, మండల సభలు, ఎరువుల కోసం క్యూలు రాసేవాణ్ణి. పాత రాళ్ళ గురించి రాయడం ఒక చెరువు కట్ట దగ్గర మొదలైంది.

కట్ట చివర వేపచెట్టు కింద సగం భూమిలో దిగబడిన రాయి. ఏటేటా వేసిన సున్నం అట్టలు కట్టింది. ఊళ్ళో అందరికీ అది పోతరాజు. ఒకరోజు సాయంత్రం ఎండ పక్కనుంచి పడ్డప్పుడు సున్నం కింద మూడు ఆకారాలు తేలాయి: నడుమ ఒక మగమనిషి, చెరో పక్క ఒక స్త్రీ. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు పోతే ఏమీ కనబడదు. పొద్దున్నో సాయంత్రమో పోవాలి, లేదా చీకట్లో టార్చి పక్కనుంచి కొట్టి చూడాలి.

నల్లగొండ పక్కన పానగల్లు మ్యూజియంకు పోయి అక్కడి శిల్పాలతో పోల్చి చూసుకున్నాను. అది వీరగల్లు, పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపే రాయి. ఇలాంటివాటిలో కింద యుద్ధం ఉంటుంది, దాని మీద వీరుణ్ణి స్వర్గానికి తీసుకుపోయే అప్సరసలు, పైన శివలింగం. అంటే మా రాయిలో యుద్ధం ఇంకా మట్టిలోనే ఉంది.

నేను పంపిన వార్తలో ‘కాకతీయుల నాటిది’ అని పెడదామన్నారు పేపర్ డెస్కులో. పాతరాయి ఏది దొరికినా అదే మాట. కానీ పానగల్లు రాజధానిగా కందూరు చోడులనే రాజులు కూడా ఏలిన నేల ఇది. రాయి మీద అక్షరం లేనప్పుడు కాలం ఎలా చెప్తామని నేను ఒప్పుకోలేదు. దాంతో ఐటం మూడు వారాలు ఆగింది. చివరికి జిల్లా పేజీలో ఫొటోతో వచ్చింది. ఊరి పేరు, చెరువు పేరు, వేపచెట్టు, అన్నీ రాశాను.

పది రోజులకు ఫోన్ వచ్చింది. పోయి చూస్తే రాయి పక్కకు ఒరిగి ఉంది. కింద నిలువెత్తు గుంత, నిమ్మకాయలు, కుంకుమ. గుప్తనిధుల కోసం రాత్రి తవ్వారు. యుద్ధం చెక్కిన భాగాన్ని నేను మొదటిసారి చూసింది ఆ గుంతలోనే. గుర్రం తల మీద గడ్డపార దెబ్బ, తెల్లగా, పచ్చిగా ఉంది. అక్కడున్న ముసలమ్మ, ‘నువ్వు రాసినంకనే వచ్చిండ్రు బిడ్డా’ అన్నది. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. ముందు సర్పంచ్‌ను, ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి మాట్లాడతాను. రాయి కింద బంగారం పెట్టరని, అది చనిపోయిన మనిషి గుర్తని చెప్తాను. భూమిలో 10 రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టర్‌కు తెలపాలని 1878 నుంచే చట్టం ఉందనీ చెప్తాను. పురావస్తు శాఖకు ఉత్తరం పెట్టిస్తాను. రాయి భద్రమయ్యాకే ఐటం పంపుతాను, అందులో మండలం పేరు తప్ప గుర్తులు ఉండవు. ఆలస్యానికి కొన్ని ఐటంలు వేరే పేపర్లో ముందే వచ్చేశాయి. రానీ.

ఆ వీరగల్లును ఊరివాళ్ళే ట్రాక్టర్ మీద తెచ్చి గుడి ఆవరణలో నిలబెట్టారు. ఇప్పుడు సున్నం వేయడం లేదు. పసుపు, బొట్టు పెడుతున్నారు, గుర్రం తల దగ్గర కూడా.