ట్రైనర్ పరీక్షలో నన్ను ఆపింది బరువు కాదు, మడమ

ఫిట్‌నెస్ ట్రైనర్ సర్టిఫికెట్ పరీక్ష ఒకసారి ఫెయిలై, రెండోసారికి మొత్తానికి పాసయ్యాను. ఫలితం నిన్ననే వచ్చింది. కోపం చల్లారితే మర్యాదగా రాసేస్తానేమోనని ఇవాళే కూర్చున్నాను.

థియరీకి భయపడక్కర్లేదు. భారం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడం, ఏ పని సాధన చేస్తే ఒళ్ళు దానికే అలవాటు పడటం, మానేస్తే సంపాదించుకున్నది కరిగిపోవడం. ఈ మూడూ ఒంటబడితే పేపర్ సగం అయిపోయినట్టే. 220లోంచి వయసు తీసేసే గరిష్ఠ గుండె వేగం లెక్క తప్పకుండా అడుగుతారు. అది సగటు లెక్క మాత్రమే, ఒకే వయసువాళ్ళలో కూడా నిమిషానికి 10, 12 అటూ ఇటూ ఉండటం మామూలేనని ఒక ముక్క కలిపి రాయండి.

20 మీటర్ల షటిల్ రన్, అంటే రెండు గీతల మధ్య బీప్ మోతకి తగ్గట్టు అటూ ఇటూ పరిగెత్తడం, గంటకు 8.5 కిలోమీటర్ల వేగంతో మొదలవుతుంది. ప్రతి నిమిషానికీ వేగం గంటకు అర కిలోమీటరు చొప్పున పెరుగుతుంది. బీప్ మోగే వేళకు గీత చేరితే చాలు, ముందే చేరినవాడికి ఒరిగేదేమీ లేదు. మొదట్లో ఉరుకులు పెట్టిన కుర్రాళ్ళు, నా వయసులో సగం ఉంటారు, నాకంటే ముందే నడుం పట్టుకుని పక్కకి తప్పుకున్నారు. ఈ మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఇక ఓవర్‌హెడ్ స్క్వాట్. తలపైకి చేతులు చాచి ఓ తేలికపాటి కర్ర పట్టుకుని, తొడలు నేలకు సమానంగా వచ్చేదాకా కూర్చుని లేవాలి. బరువే లేదు కదా అనిపిస్తుంది. చీలమండ, తుంటి, నడుం పైభాగం, భుజం, వీటిలో ఏది బిగుసుకున్నా అక్కడే దొరికిపోతాం. నాకు కుడి చీలమండ ఎప్పుడో బెణికింది. నొప్పి లేదు గానీ పూర్తిగా వంగదు. ఆ సంగతి ముందే చెప్పాను. పరీక్షకుడు తల ఊపి కాగితంలో ఏదో గీసుకున్నాడు.

కూర్చుంటుంటే సగంలోనే కుడి మడమ లేచింది.

"మడమ కింద పెట్టవయ్యా!"

పెట్టాను. ఒళ్ళు ముందుకు తూలి, కర్ర ముక్కు ముందుకొచ్చింది.

"ఛాతీ ఎత్తు!"

ఎత్తాను. మళ్ళీ మడమ లేచింది. బ్యాచ్ అంతా చుట్టూ నిలబడి చూస్తోంది. "ట్రైనర్ అవుతాడట, కూర్చోవడం రాదు" అని ఆయన అన్నాడు, వాళ్ళు నవ్వారు. చీలమండ వంగనప్పుడు మోకాలు పాదం ముందుకి రావడం కుదరదు. అప్పుడు మడమైనా లేవాలి, నడుమైనా ముందుకు వాలాలి. అరిచినంత మాత్రాన కీలు వంగుతుందా? ఈ విద్యలో మైకులాంటి గొంతు ఉంటే చాలు, కన్ను అక్కర్లేదని నమ్మే జాతి ఒకటుంది. పిల్లల్ని ఆటలకి దూరం చేసేదీ వీళ్ళే.

బయటికొచ్చాక బ్యాచ్‌లోని పెద్దాయన ఒకరు, బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి, నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్ళారు. "మడమ లేవకుండా మోకాలు గోడకి ఆనించు నాయనా" అన్నారు. బొటనవేలు గోడకి 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్నా మోకాలు ఆనితే మామూలుగా ఫరవాలేదంటారు. ఎడమ కాలు ఆనింది, కుడిది అందులో సగం దగ్గర నిలిచిపోయింది. తర్వాత రెండు మడమల కిందా చెరో సన్నటి వెయిట్ ప్లేటు పెట్టి కూర్చోమన్నారు. కర్ర తల మీదే నిలిచింది, తొడలు కిందికి దిగాయి. లోపం ఎక్కడుందో అంతటితో తేలిపోయింది. అవే ప్లేట్లు పరీక్షకుడి కుర్చీ వెనకే దొంతరగా ఉన్నాయి, వాటి మీద ఆయన తువ్వాలు ఆరేసుకున్నాడు.

మళ్ళీ పరీక్ష దాకా రోజూ ఇదే పని. పిక్కని మోకాలు చాచి సాగదీస్తే పైకండరం సాగుతుంది. లోపలి కండరం మోకాలు దాటి పోదు కాబట్టి దానికోసం మోకాలు వంచి కూడా సాగదీయాలి. చాలామంది ఈ రెండోది వదిలేస్తారు. మెట్టు అంచున నిలబడి మడమని నెమ్మదిగా కిందికి దించడం, గోడ దగ్గర మోకాలు ముందుకీ వెనక్కీ ఊపడం. నొప్పి పిక్కలో కాకుండా చీలమండ ముందు పొడిచినట్టుంటే ఆపేసి ఫిజియోథెరపిస్టుకి చూపించుకోండి. "స్క్వాట్ షూ" అని మడమ ఎత్తుగా ఉండే ఖరీదైన బూట్లు అంటగట్టేవాళ్ళ మాట వినకండి. పరీక్ష ఉత్తకాళ్ళతోనే.

రెండోసారి వేరే పరీక్షకురాలు. మొదట పాత దెబ్బలేమైనా ఉన్నాయా అని అడిగారు, పక్క నుంచి చూశారు, ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. మడమ కదల్లేదు.

ఫీజు మాత్రం మళ్ళీ పూర్తిగా కట్టించుకున్నారు. మొదటిసారి ఫెయిల్ కాగితంలో కారణం దగ్గర "భంగిమ సరిగా లేదు" అని తప్ప ఇంకేం లేదు. ఏ కీలు, ఎంత వంగిందో రాసివ్వమని అర్జీ పెట్టాను. కౌంటర్లో తీసుకుని ముద్ర వేశారు, జవాబు ఇంకా రాలేదు. మీరూ ఫెయిలైతే రసీదు పారేయకండి, అది లేకపోతే అర్జీ కూడా తీసుకోరు.